ఖాళీలను పూరింపుము

'ఈ క్రింది ఖాళీలను పూరింపుము' అన్న వాక్యం చూడని విద్యార్థి ఉండడు. మీ స్కూలు ఆఫీసులో ఇచ్చే స్టడీ సర్టిఫికెట్టూ అలాంటిదే. అచ్చయిన మాటలు అందరికీ ఒకటే. చుక్కల మీద గుమాస్తా రాసే పేరు, తరగతి మాత్రం మారుతుంటాయి. కంప్యూటర్లో మీరు చూసే పరీక్షా ఫలితాల పేజీని లక్షల మందికి విడివిడిగా ఎవరు తయారు చేస్తారు? మూస ఒకటే. హాల్ టికెట్ నంబరును బట్టి పేరూ మార్కులూ అందులో వచ్చి కూర్చుంటాయి.

గ్రీన్‌లాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్‌డార్ఫ్ 1994లో, ఇంటర్నెట్‌లో పెట్టిన తన బయోడేటాను ఎందరు చూస్తున్నారో తెలుసుకోవడానికి సి భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసుకున్నారు. 1995 జూన్ 8న వాటిని 'పర్సనల్ హోమ్ పేజ్ టూల్స్' పేరుతో అందరికీ ఇచ్చేశారు. పి.హెచ్.పి. అనే భాషకు మూలం అదే. ఇందులో పేజీని పేజీలాగే రాసి, మారవలసిన చోట మాత్రం చలరాశిని పెట్టవచ్చు. డాలరు గుర్తుతో మొదలయ్యే పేరే చలరాశి. "నమస్కారం, $పేరు" అని జంట కొటేషన్లలో రాస్తే పేరు స్థానంలో దాని విలువ వస్తుంది. ఒంటి కొటేషన్లలో రాశారో, డాలరుతో సహా అలాగే అచ్చవుతుంది. కొత్తగా నేర్చుకునేవారిని తికమక పెట్టే తేడా ఇది!

తొలి రోజుల్లోనే మరో సదుపాయం వచ్చింది. ఫారంలో 'ఊరు' అనే గడి ఉంటే, దాన్ని నింపి పంపగానే అదే పేరుతో చలరాశి దానంతటదే తయారయ్యేది. ఎంత సుఖం! కాని ఫారంలో లేని గడిని ఎవరైనా పంపితే? సంకేతపదం సరిపోతే 'అధికారి' అన్న చలరాశికి 1 ఇచ్చి, ఆ 1ని చూసి రహస్య పేజీని తెరిచే ప్రోగ్రాం ఉందనుకోండి. దానికి ముందుగా 0 ఇవ్వడం ప్రోగ్రామర్ మరచిపోయాడు. ఎవరో పేజీ చిరునామా చివర 'అధికారి=1' అని తగిలించారు. అంతే, తలుపు తెరుచుకుంటుంది! గుమాస్తా చేతిలోని కలాన్ని మనం లాక్కున్నట్లన్నమాట. 2002లో 4.2 వెర్షన్ ఈ సదుపాయాన్ని మూసి ఉంచింది, కావలసినవారు తెరుచుకోవచ్చు. పూర్తిగా తీసివేసింది మాత్రం 2012లో, 5.4 వెర్షన్‌లోనే. దాన్ని నమ్ముకుని రాసిన పాత పేజీలు ఆగిపోకూడదు గదా!

ఖాళీలో ఏమి రాశారన్నది ఇంకో చిక్కు. సర్టిఫికెట్టు మీద ఏం రాసినా అది సిరాయే. వెబ్ పేజీలో అలా కాదు. లెక్కల్లో మీరు వాడే 'కంటే తక్కువ' గుర్తు కనిపిస్తే, తరువాతి మాటలను బ్రౌజర్ ఆజ్ఞగా చదవవచ్చు. పేరు గడిలో ఒకరు ప్రోగ్రాం రాస్తే, అది ఆ పేజీ చూసే మరొకరి కంప్యూటర్‌లో నడుస్తుంది. 2000 ఫిబ్రవరిలో అమెరికాలోని సెర్ట్ సంస్థ దీనిపై హెచ్చరిక జారీ చేసింది. అయినా 2005 అక్టోబరులో మైస్పేస్‌లో ఒకరి పరిచయ పేజీలో దాగిన ఇలాంటి ప్రోగ్రాం, ఒక్క రోజు తిరక్కుండానే పది లక్షలకు పైగా పేజీలకు పాకింది.

ఆ గుర్తును ఆజ్ఞగా కాక ఉత్త అక్షరంగా కనిపించేలా మార్చే ఫంక్షన్ పి.హెచ్.పి.లో ఉంది. కాని ప్రతి ఖాళీ దగ్గరా ప్రోగ్రామర్ గుర్తుపెట్టుకుని వాడాలి. తరువాత వచ్చిన ట్విగ్ వంటి మూసల పనిముట్లు ఆ పనిని తామే చేస్తాయి. వద్దనుకుంటేనే ప్రత్యేకంగా చెప్పాలి.