చీనా వ్యాకరణమున క్రియావస్థ, స్థలపదము

ఒక భాషను మరియొక భాష కొలతతో కొలిచినచో ఏమి కోల్పోవుదుమో చీనా వ్యాకరణ చరిత్ర చక్కగా తెలుపును.

1898 లో మా జియన్‌జోంగ్ ప్రకటించిన 'మాషి వెంటోంగ్' పాశ్చాత్య పద్ధతి ననుసరించి చీనా పండితుడు స్వభాషకు రచించిన తొలి సమగ్ర వ్యాకరణము. ఫ్రాన్సులో విద్యనభ్యసించిన ఆయనకు లాటిన్ వ్యాకరణము మార్గదర్శి యయ్యెను. అయితే చీనా క్రియకు పురుష, వచన, కాల ప్రత్యయములు లేవు. కావున ఆ చట్రమున ఇమడని విషయములు పెక్కు మిగిలిపోయెను. 1940 దశాబ్దమున వాంగ్ లీ, లూ షూషియాంగ్ మున్నగువారు భాషలోని వాడుకనే ఆధారముగా గైకొని వానిని పరిశీలించిరి.

వానిలో మొదటిది క్రియావస్థ. క్రియను అంటియుండు 'ల' అను ప్రత్యయము పని ముగియుటను తెలుపునే గాని, అది ఎన్నడు జరిగెనో తెలుపదు. పూర్వము 'ముగియు' అను అర్థముగల 'ల్యావ్' అను క్రియ కర్మపదము తరువాత నిలుచుచుండెను. 10వ శతాబ్ద ప్రాంతమున అది క్రియాకర్మల నడుమకు చేరి, క్రమముగా ప్రత్యయమయ్యెను. 'రేపు తిని పోయెదము' అనునప్పుడు మన 'తిని' భూతకాలము కాదు. పోవుటకు ముందు పూర్తియగు పని మాత్రమే. చీనా 'ల' యు ఇట్టి వాక్యమున వచ్చును.

రెండవది స్థలపదము. ప్రాచీన చీనాలో 'యూ' తో కూడిన స్థలపదము సాధారణముగా క్రియకు పిదప వచ్చుచుండెను. కాలక్రమమున పని జరుగు చోటు క్రియకు ముందునకు జరిగెను. పని ఫలితముగా చేరిన చోటు వెనుకనే నిలిచెను. నేడు 'త్సాయ్' తో కూడిన స్థలపదము ముందున్నచో 'బల్లమీద దుముకుచున్నాడు' అనియు, పిదప నున్నచో 'బల్లమీదికి దుమికెను' అనియు భావము. తెలుగు 'కి' తో చేయు పనిని చీనా స్థానముతో చేయుచున్నది. ముందు జరుగునది ముందు, తరువాత జరుగునది తరువాత చెప్పబడునని 1985 లో జేమ్స్ తాయ్ దీనిని వివరించెను.

ఈ రెండు విషయములును ఒకచోట కలియుచున్నవి. ఒకచోట 'ఉండు' అను అర్థముగల 'త్సాయ్' యే నేరుగా క్రియకు ముందు నిలిచినచో పని సాగుచున్నదని తెలుపును. 'చేయుచున్నాడు' అను మన మాటలోను 'ఉండు' ధాతువే కలదు. చుట్టరికము లేని రెండు భాషలు ఉనికిని తెలుపు మాటనుండియే సాగుచున్న పనిని తెలుపు రూపమును కల్పించుకొనినవి.

తెలుగునకు ప్రాచీన వ్యాకరణమైన 'ఆంధ్రశబ్దచింతామణి' యు సంస్కృతముననే రచింపబడినది. పరభాషల నడుమ తరతరములుగా తెలుగును నిలుపుకొన్నవారి పలుకుబడిని సైతము అన్యుల కొలతతో తప్పని త్రోసివేయక, దాని వాడుకనుండియే దాని నియమమును వెదకుట న్యాయము.