విశాఖ తీరాన ఒక వైద్యుడు: పాట్రిక్ రస్సెల్

రక్తపింజరకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరులో ఒక వైద్యుని పేరు కలిసి ఉన్నది. కట్లపాముల జాతికి వారు పెట్టిన పేరులో ఒక తెలుగుమాట దాగి ఉన్నది. ఈ రెండు పేర్లకూ మూలం విశాఖపట్నంలో కొన్ని సంవత్సరాలు నివసించిన పాట్రిక్ రస్సెల్ చేసిన కృషి.

రస్సెల్ స్కాట్లండు దేశీయుడు, ఎడింబరోలో పుట్టినవాడు. వైద్యపట్టం పుచ్చుకొని 1750లో సిరియా దేశంలోని అలెప్పో నగరానికి వెళ్లినాడు. అక్కడి ఆంగ్ల వర్తకులకు వైద్యుడుగా ఉన్న సవతి అన్న అలెగ్జాండర్ 1753లో స్వదేశానికి మరలగా, ఆ పదవి తమ్మునికి లభించింది. 1760 మొదలు మూడేండ్లు ఆ నగరాన్ని ప్లేగు పీడించింది. రస్సెల్ నగరం విడువక, రోగ లక్షణాలను రోజువారీగా వ్రాసి ఉంచినాడు. ఆ వ్రాతల ఫలమే 1791లో వెలువడిన ప్లేగు గ్రంథం. అరబ్బులలో వాడుకలో ఉన్న మశూచి టీకా పద్ధతిని గూర్చి స్థానికులనే అడిగి తెలుసుకొని, 1768లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించినాడు. ప్రజలకు తెలిసిన సంగతిని ముందు వినవలెను, పిమ్మట పరీక్షింపవలెను అన్నది ఆయన వైద్యంలో మొదటినుండి ఉన్న నియమం.

1781లో ఆయన తమ్ముడు క్లాడ్ రస్సెల్ ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నం పాలనాధికారిగా నియమితుడైనాడు. అప్పటికి ఏబది దాటిన పాట్రిక్ అతనికి తోడుగా వచ్చినాడు. నాటి విశాఖ చిన్న రేవుపట్టణం. ఒక ప్రక్క సముద్రం, ఒక ప్రక్క కొండలు. ఆరుబయట తిరిగి చెట్టునూ చేపనూ పరిశీలించడంలో ఆనందం పొందే మనిషికి ఇంతకంటె ఏమి కావాలి? 1785లో కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుడు కోనిగ్ మరణించగా, ఆ బాధ్యత రస్సెల్‌కు వచ్చింది. సామర్లకోటలో మొక్కలను పరిశోధిస్తున్న రాక్స్‌బరో కృషి కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథంగా 1795 నుండి వెలువడినప్పుడు, దానికి పీఠిక వ్రాసినవాడు రస్సెలే.

అయితే వైద్యుడుగా ఆయన మనస్సును పట్టుకొన్న సమస్య పాముకాటు. ఏ పాము విషం కలది, ఏది కానిది అన్న వివేకం లేక జనులు అన్నిటికీ భయపడేవారు. విషం లేని పాము కరచినవాడు ఎటూ బ్రతుకుతాడు. కాని ఆ కీర్తి మందుకో మంత్రానికో దక్కుతుంది. ఈ చిక్కును విప్పడానికి మార్గం ఒక్కటే: పాములను వేరువేరుగా గుర్తించడం. రస్సెల్ పాములను తెప్పించి, కోరలను పరిశీలించి, కోళ్లపైనా కుక్కలపైనా కాటు ప్రభావాన్ని గమనించి లెక్క వ్రాసినాడు. ఆనాడు ప్రసిద్ధి పొందిన తంజావూరు మాత్రను కూడ పరీక్షించినాడు. అందులో పాషాణం ఒక ముఖ్య ద్రవ్యం.

ఆ పరిశ్రమ 1796లో కోరమాండల్ తీరపు పాములను గూర్చిన పెద్ద చిత్రగ్రంథంగా వెలువడింది. అందులో పాములకు ఆయన వ్రాసినవి ఎక్కువగా ఇక్కడి జనుల నోటి పేర్లే. రక్తపింజరను ‘కాటుక రేకుల పొడ’ అన్నాడు. పొడ అంటే మచ్చ. ఆ పాము వీపుమీది నల్లని మచ్చలను చూచినవారికి ఆ పేరులోని చమత్కారం తెలుస్తుంది. మరియొక పామును ‘బంగారు పాము’ అని వ్రాసుకొన్నాడు. తరువాతి కాలంలో కట్లపాముల జాతికి ‘బంగారస్’ అన్న శాస్త్రనామం ఆ మాటనుండే వచ్చింది. విశాఖలో సేకరించిన 200 చేపలను గూర్చి 1803లో అచ్చయిన గ్రంథంలో కూడ తెలుగుపేర్లు కనుపిస్తాయి. 1805లో ఆయన లండన్‌లో మరణించినాడు.

కాటుకు విరుగుడు రస్సెల్‌కు దొరకలేదు. అది లభించడానికి ఇంకొక నూరేండ్లు పట్టింది. ఫ్రెంచి వైద్యుడు కాల్మెట్ 1890 దశకంలో విషాన్ని జంతువులకు కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి రక్తరసం నుండి విరుగుడు మందు తీసినాడు. ఈనాడు మన ఆసుపత్రులలో ఇచ్చే సూదిమందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అనే నాలుగింటి విషానికి పనిచేస్తుంది. ఏ పాము విషం చంపుతుందో తెలిసిన పిమ్మటనే అట్టి మందు తయారు కాగలదు గనుక, రస్సెల్ వేసిన పునాది వృథా కాలేదు.

అయినను ఆ సమస్య తీరలేదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో సుమారు 12 లక్షల మంది పాముకాటుతో మరణించినారని పరిశోధకుల అంచనా. వారిలో ఎక్కువ మంది పల్లెలవారు. మంత్రమనీ పసరనీ కాలయాపన చేసి, ఆసుపత్రికి ఆలస్యంగా చేరినవారెందరో! కాటు పడినవారిని కదలనీయక, గాటు పెట్టక, కట్టు బిగింపక, వెంటనే ఆసుపత్రికి చేర్చడమే నేటి వైద్యులు చెప్పే మాట. నమ్మకాన్ని పరీక్షకు నిలుపవలెనని రెండు శతాబ్దాల క్రితం విశాఖ తీరాన ఒక వైద్యుడు పడిన శ్రమ ఈ హెచ్చరికను విన్నప్పుడే సార్థకమవుతుంది.