ఏ రికార్డు పెట్టి చూడవలెను?

రేడియోలో పనిచేయువారికి చెవులు బాగుండునని లోకములో ఒక నమ్మకమున్నది. అందుచేత బంధుమిత్రులలో ఎవరు కొత్త ధ్వనియంత్రము కొనినను మాకు పిలుపు వచ్చును. పెండ్లిచూపులకు పెద్దమనిషిని పిలిచినట్లు మమ్ములను కూర్చుండబెట్టి, కాఫీ యిచ్చి, ఒక పాట వినిపించి, "ఎట్లున్నది?" అని అడుగుదురు. బాగులేదని చెప్పుటకు అది సమయము కాదు. సొమ్ము అప్పటికే చెల్లించివేసియుందురు గదా!

గత వేసవిలో మాదాపూరునుండి అట్టి పిలుపే వచ్చినది. మా మిత్రుడు హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. మేము చదువుకొనుచుండిన దినములలో, 1998 నవంబరు 22వ తేదీన, నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి అచ్చట సైబర్ టవర్సు భవనమును ప్రారంభించినారు. అప్పటికి చుట్టుపట్ల రాతిగుట్టలు, బీళ్ళు కనబడుచుండెడివి. ఇప్పుడు అద్దాల మేడలు నిలిచినవి. మిత్రుని యిల్లు పదునాలుగవ అంతస్తున ఉన్నది. నేలయంతయు నున్నని టైల్సు, ఒక గోడ నిండుగా అద్దము. తెర లేదు, తివాచీ లేదు. రెండు మూలలలో నిలువెత్తు స్పీకర్లు రెండు, వాటి నడుమ ఆంప్లిఫయరు, ప్రక్కనే మంద్రధ్వనుల కొరకై ప్రత్యేకముగా కొనిన సబ్ వూఫరు.

పరీక్షకు కావలసిన ఆల్బముల పట్టీని ఆయన ముందే సిద్ధపరచుకొని యున్నాడు. పింక్ ఫ్లాయిడ్ వారి 1973 నాటి 'ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్', స్టీలీ డాన్ వారి 1977 నాటి 'ఏజా', డైర్ స్ట్రెయిట్స్ వారి 1985 నాటి 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్', ఈగిల్స్ బృందము 1994లో 'హెల్ ఫ్రీజెస్ ఓవర్' అను ఆల్బములో తిరిగి పాడిన 'హోటల్ కాలిఫోర్నియా'. ధ్వనియంత్రములు అమ్ము అంగడి ఏ దేశములో నున్నను తరచుగా వినిపించునవి యివియే. ఇవన్నియు శ్రద్ధతో రికార్డు చేసినవి. అందులో సందేహము లేదు. ఈగిల్స్ పాటలో డోలు దెబ్బకు కిటికీ అద్దము గిలగిలలాడినది. మిత్రుని ముఖము వెలిగినది. మేమును తలయూపినాము.

అంతలో ఆయన తల్లిగారు లోపలినుండి వచ్చి, "ఘంటసాల భగవద్గీత ఉంటే పెట్టు నాయనా" అన్నారు. ఆమె తెనాలివారు, డెబ్బది యేండ్లు దాటినవి. మిత్రుడు ఫోనులో వెదకి పెట్టినాడు. రెండు శ్లోకములు గడిచినవో లేదో, ఆమె కనుబొమలు ముడిచి, "ఇదేమిట్రా, ఆయనకు పడిశం పట్టినట్టుంది? ఘంటసాల గొంతు ఇట్లా ఉండదు" అన్నారు.

"పాత రికార్డింగు కదమ్మా!"

"పాతదైతే గొంతు మారుతుందా? చిన్నప్పుడు పందిట్లో ఎదురుగా కూర్చుని విన్నాను."

మేము నవ్వినాము, తరువాత శ్రద్ధగా విన్నాము. పిన్నిగారు చెప్పినది అక్షరాల నిజము. గొంతు కుండలోనుండి వచ్చుచున్నట్లున్నది. అంతవరకు నాలుగు ప్రసిద్ధ ఆల్బములు విని తలయూపిన మాకు ఆ సంగతి తెలియలేదు. ఎట్లు తెలియును? ఈగిల్స్ వారి డోలు అసలు ఎట్లు మ్రోగునో మేము చూచినవారము కాము. యంత్రము ఏది వినిపించిన అదియే దాని అసలు రూపమని నమ్మవలసినదే.

ధ్వనిముద్రణ చరిత్రలో ఈ చిక్కు మొదటినుండియు ఉన్నది. ఎడిసన్ సంస్థవారు 1915 మొదలు సుమారు పదేండ్లు అమెరికా పట్టణములలో ఒక విచిత్రమైన ప్రదర్శన జరుపుచుండిరి. వేదికపై ఒక గాయని, ఆమె ప్రక్క ఫోనోగ్రాఫు పెట్టె. గాయని పాడుచు పాడుచు ఆగును, పెట్టె అందుకొనును. దీపములార్పివేసి, ఏది మనిషి, ఏది యంత్రమో చెప్పుడని సభికుల నడుగుదురు. చెప్పలేకపోయినారని పత్రికలు వ్రాసినవి. ఆ ప్రదర్శనలలో పాడిన అన్నా కేస్ అను గాయని చాలకాలమునకు, 1972లో, అసలు కిటుకు బయటపెట్టినది. గొంతెత్తి పాడినచో పెట్టె వెలవెలబోవును గనుక, తన గొంతును పెట్టె గొంతునకు సరిపడునట్లు తగ్గించి పాడెడిదట!

మన దేశమునకు ఈ విద్య 1902లో వచ్చినది. ఆ సంవత్సరము నవంబరులో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో గౌహర్ జాన్ పాటలను రికార్డు చేసినాడు. అప్పటికి రికార్డింగునకు మైక్రోఫోను లేదు. బాకా వంటి గొట్టములో తలపెట్టి పాడవలసినదే. మైక్రోఫోనుతో చేయు విద్యుత్ రికార్డింగు 1925లో ఆరంభమైనది. అటు తరువాతనే వీణ మంద్రస్థాయి, మృదంగము తొప్పి గ్రామఫోను పళ్ళెమునకు ఎక్కదగినవైనవి.

రెండు స్పీకర్ల స్టీరియో పద్ధతికి 1931లో పేటెంటు కోరిన ఆంగ్లేయుడు ఆలన్ బ్లమ్లైన్ తన సిద్ధాంతమును ఏ శబ్దముతో పరీక్షించినాడో చూచిన ముచ్చటగా నుండును. ఆయన 1935లో తీయించిన పరీక్షాచిత్రములలో మనుష్యులు ఈ కొసనుండి ఆ కొసకు నడచుచు మాటలాడుదురు. హేస్ స్టేషనులో రైళ్ళు పోవుచుండును. మనిషి మాట, రైలు చప్పుడు ప్రతివాడును ఎరిగినవి. తప్పుగా వినబడినచో పసివాడును పట్టుకొనును. ఆ మేధావి 1942లో, రాడారు పరీక్షలో నున్న విమానము కూలి, ముప్పదియెనిమిదవ యేట మరణించినాడు. 1954లో లండను రాయల్ ఫెస్టివల్ హాలులో వార్ఫ్‌డేల్ స్పీకర్ల నిర్మాత గిల్బర్ట్ బ్రిగ్స్ సభాముఖముగా అసలు వాద్యమును, రికార్డును ఒకదాని వెంట ఒకటి వినిపించినాడు. బి.బి.సి. ఇంజనీర్లు తమ స్పీకర్లను తీర్చిదిద్దునప్పుడు స్టూడియోలో ఒక మనిషిని మాటలాడించి, ఆ మాటను ప్రక్కగదిలోని స్పీకరుతో పోల్చి చూచుకొనెడివారు.

ఈ పద్ధతి మాకు నిత్యానుభవము. ప్రకటనకర్త అద్దమునకు ఆవల చదువుచుండును. ఈవల స్పీకరులో ఆయన గొంతు వినబడును. అనుమానము వచ్చినప్పుడు తలుపు తెరచి అసలు గొంతు విందుము. ఇంతకు మించిన కొలబద్ద మేమెరుగము. కంప్యూటరు యుగములోను ఇది మారలేదు. పాటలను చిన్న ఫైళ్ళుగా కుదించు ఎం.పి.3 పద్ధతిని రూపొందించిన జర్మను శాస్త్రజ్ఞులలో ముఖ్యుడైన కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్, సుజాన్ వేగా వాద్యము లేకుండ పాడిన 'టామ్స్ డైనర్' అను పాటను మరలమరల విని తన లెక్కలను సరిదిద్దుకొనినాడు. పెద్ద వాద్యబృందములలో దాగిపోయిన తప్పు ఒంటరి స్త్రీకంఠములో బయటపడినది.

తెలుగువారికి ఈ విషయములో మరియొక సౌకర్యమున్నది. మన భాషలో శ, ష, స లు మూడు వేరు. వాటి భేదము పై స్థాయి ధ్వనులలో నుండును. స్పీకరు ఆ స్థాయిలో మందగించినచో మూడును ఒకటిగా కలిసిపోవును. అతిగా పలికినచో మూడును బుసకొట్టును. ఖ, ఘ, ధ, భ లలోని ఊపిరి మరియొక పరీక్ష. మంద్రధ్వనిని పెంచిన యింటిలో 'భ' అన్నప్పుడెల్ల తలుపు మూసినట్లు చప్పుడగును. ఉచ్చారణ స్పష్టముగానున్న ఒక మంచి పద్యము రికార్డు ఈ పనికి చాలును. కరుణశ్రీ 'పుష్పవిలాపము'ను ఘంటసాల పాడిన రికార్డు ఒకే ధ్వనిమార్గము గల మోనో కాలమునాటిది. దానిని రెండు స్పీకర్లలోను పెట్టి నడుమ కూర్చుండి విన్నచో, గొంతు సరిగా రెంటికి మధ్య ఒక మనిషి నిలబడినచోటనుండి రావలెను. గోడపొడుగున పరచుకొనినట్లు వచ్చినచో స్పీకర్లు కుదురలేదన్నమాట. దీనికి లక్షలు వెచ్చించి కొనిన స్టీరియో ఆల్బములు అక్కరలేదు.

కాని ఏ ప్రతి? చిక్కంతయు ఇచ్చటనే యున్నది. ఒకే పాట నేడు అయిదారు అవతారములలో దొరకును. లక్కతో చేసిన 78 తిరుగుళ్ళ పళ్ళెములో చిటపటలు సహజము. వాటిని కంప్యూటరుకెక్కించువారు కొందరు చిటపటతోపాటు పై స్థాయి ధ్వనినంతయు కోసివేయుదురు. చప్పుడు పోవును, శ, ష, స లు కూడ పోవును. మరికొందరు కొత్త దరువులు చేర్చి, కృత్రిమమైన ప్రతిధ్వని కలిపి, దానికి స్టీరియో అని పేరు పెట్టుదురు. మా మట్టుకు చిటపటలతో నున్న ప్రతియే మేలు. చెవి చిటపటను త్రోసివేసి పాటను విననేర్చును. కోసివేసిన అక్షరమును తిరిగి తెచ్చుకొనజాలదు.

కొత్త ముద్రణలది మరియొక రోగము. పోటీలో తన పాటయే బిగ్గరగా వినబడవలెనని, మెల్లని భాగములను కూడ పెంచి అన్నిటిని ఒకే మట్టమునకు తెచ్చుట 1990ల నుండి ప్రబలినది. 2008లో మెటాలికా బృందము వారి 'డెత్ మేగ్నెటిక్' వెలువడినప్పుడు, దుకాణములో దొరకు సి.డి.కన్న ఒక వీడియో ఆటలో చేర్చిన అవే పాటలు హాయిగా నున్నవని అభిమానులే గోలపెట్టినారు. అందుచేత రెండు ప్రతులను పోల్చునప్పుడు ముందు రెంటిని సమానమైన బిగ్గరకు తెచ్చుకొనవలెను. లేనిచో బిగ్గరగా నున్నదే బాగున్నదని చెవి మోసపోవును.

ఖరీదుగల ప్రతి మంచిదనియు నమ్మరాదు. అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అను సంస్థ మూలటేపులనుండి ఎల్.పి.లు తయారుచేయుటలో పేరుమోసినది. వాటిలో ఎచ్చటను డిజిటల్ మెట్టు లేదని కొనువారు గాఢముగా నమ్మినారు. చాల యేండ్లుగా నడుమ డిజిటల్ మెట్టు ఉన్నదని 2022లో తేలినది. డిజిటల్ ధ్వనిని క్షణములో పసిగట్టెదమని చెప్పుకొనినవారు ఆ ఎల్.పి.లనే మెచ్చుకొనుచు వినియుండిరి! మాకిందు డిజిటల్‌పై కోపము లేదు, చెవులపై జాలియును లేదు. ఆ రికార్డులు నిజముగానే బాగున్నవి. అట్టమీది వ్రాతను చెవితో వినరాదని మాత్రము మనవి.

భారతీయ వాద్యము గల పరీక్షారికార్డు కావలెనన్నవారికి మేము నిస్సంకోచముగా చెప్పునది ఒకటి కలదు. 1992 సెప్టెంబరులో అమెరికాలోని సాంతా బార్బరాలో, ఒక ప్రార్థనామందిరమున, విశ్వమోహన్ భట్ తన మోహనవీణతోను, రై కూడర్ తన గిటారుతోను కూర్చున్నారు. అంతకు కొద్దిసేపు ముందు వరకు వారిరువురికి ముఖపరిచయము లేదు. రికార్డు చేసిన కవిచంద్రన్ అలెగ్జాండర్ పైన చెప్పిన బ్లమ్లైన్ పద్ధతిలోనే మైక్రోఫోనుల జంట నొక దానిని ఉంచి, టేపుపై ముద్రించినాడు. 'ఎ మీటింగ్ బై ది రివర్' అను ఆ ఆల్బము 1994లో గ్రామీ బహుమతి పొందినది. తీగె మీటిన చప్పుడు, దాని వెనుక మందిరములోని గాలి, తబలా ఎంత దూరమున నున్నదియు తెలియును. మా మిత్రుని పట్టీలో అది లేకపోవుట మాకు వింతగా తోచినది.

ఆ సాయంకాలము దానిని పెట్టినాము. కాకినాడలో పుట్టిన చిట్టిబాబుగారి 'కొమ్మలో కోయిల'ను పెట్టినాము. వీణపై కోయిల కూత పలికించిన ఆ రచనలో తీగెను లాగి వదలిన తరువాత మిగులు నాదము ఎంతసేపు నిలుచునో గమనింపవలెను. ఒంగోలు ప్రాంతపు కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానాగారి నాగస్వరమును పెట్టినాము. అద్దపుగోడ దానికి తాళలేకపోయినది. పెండ్లిపందిటిలో ఎంతో దూరము నుండియు తీయగా వినబడు నాగస్వరము ఆ గదిలో చెవులను కోసినది. అప్పటికి రోగము కొంత అర్థమైనది.

సంగతి యేమనగా, మూలలో నుంచిన స్పీకరునకు రెండు గోడలు, నేల తోడై మంద్రధ్వనిని పెంచును. దానికితోడు సబ్ వూఫరును చాల పై స్థాయివరకు పలుకునట్లు అమర్చియున్నారు. పురుషకంఠపు ఆధారస్థాయి అందులో చిక్కుకొనినది. పైనున్న ధ్వనులేమో టైల్సుపైనను అద్దముపైనను పడి ఎగిరి, మాటకు మాట అడ్డువచ్చినవి. 'హోటల్ కాలిఫోర్నియా'లోని డోలునకు ఈ లోపమే అలంకారమైనది. యంత్రములో దోషమేమియు లేదు.

స్పీకర్లను మూలలనుండి మూడడుగులు ముందునకు జరిపినాము. సబ్ వూఫరు మరను వెనుకకు త్రిప్పినాము. పిన్నిగారు లోపలినుండి ఒక దళసరి దుప్పటి, పెండ్లినాటి తివాచీ తెచ్చి యిచ్చినారు. తివాచీ నేలకు, దుప్పటి అద్దమునకు. మిత్రుని భార్య ఆఫీసునుండి వచ్చి చూచి, ఇల్లు మారుచున్నామా యని అడిగినది.

మరల భగవద్గీత పెట్టినాము. ఈ తడవ ఫోనులోనిది కాదు. పిన్నిగారు బీరువాలో దాచిన పాత ఎల్.పి. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న పోయిన తరువాత ఆమె తండ్రిగారు కొనినదట. అట్ట చినిగినది, పళ్ళెముపై రెండు గీతలున్నవి. ఆమె వంటింటి గుమ్మమునకు ఆనుకొని నిలువుననే ఒక ప్రక్క యంతయు విన్నారు.

"ఇప్పుడు నయం. కానీ ఆ 'ధ' దగ్గర ఇంకా కాస్త మోగుతోంది చూడు" అన్నారు.

మిత్రుడు మోకాళ్ళపై కూర్చుండి సబ్ వూఫరును మరి జానెడు జరిపినాడు. మేము ఆఖరు మెట్రో తప్పిపోవునని లేచివచ్చువేళకు రెండవ ప్రక్క మొదలైనది.