సింగపూరు చైనాటౌన్ కథ

సింగపూరులో చైనీయుల పేట పటం మీద గీత గీసి కేటాయించిన పేట. 1819లో ఈస్టిండియా కంపెనీ తరఫున స్టాంఫర్డ్ రాఫెల్స్ ఆ దీవిలో స్థావరం వేశాడు. 1822లో ఆయన ఆదేశించిన పట్టణ ప్రణాళిక ఏ జాతికి ఆ జాతిని విడదీసి, సింగపూరు నదికి నైరుతి దిక్కు నేలను చైనీయులకు ఇచ్చింది. ఇళ్ల ముందు అయిదడుగుల వెడల్పున కప్పున్న నడవ వదలాలన్నదీ అప్పటి నిబంధనే. కింద కొట్టు, పైన కాపురం ఉండే ఆ వరుసల్లో నేటికీ వానకు తడవకుండా చాలా దూరం నడవవచ్చు.

దక్షిణ చైనా నుంచి ఓడల్లో వచ్చిన కూలీలు తెలోక్ ఆయర్ వీధిలో దిగేవారు. అప్పట్లో సముద్రం ఆ వీధినే తాకేది. క్షేమంగా ఒడ్డు చేరినందుకు సముద్ర దేవత మాజుకు మొక్కు తీర్చుకునే తియాన్ హాక్ కెంగ్ ఆలయాన్ని చైనీయుల్లోని హొక్కియెన్ వర్గం వారు 1839–42లో రాతితో, కలపతో కట్టించారు.

అంతకంటే పాతది, పేట నడిబొడ్డున ఉన్న మారియమ్మ గుడి. రాఫెల్స్ వెంట పినాంగ్ నుంచి వచ్చిన నారాయణ పిళ్లై 1827లో దీన్ని నెలకొల్పాడు. పక్క వీధికి పగోడా స్ట్రీట్ అన్న పేరు వచ్చింది ఈ గుడి గోపురం వల్లే. దీపావళికి ముందు ఇక్కడ భక్తులు మన జాతరల్లో లాగే నిప్పుల గుండం తొక్కుతారు. చైనాటౌన్ అంటే అంతా చైనాయే అనుకుని వెళ్లే మనవాళ్లకు ఇది వింతే.

పేటలో బతుకు మాత్రం ఇరుకు. ఒక్కో అంతస్తును చెక్క అడ్డాలతో గదులు చేసి అద్దెకిచ్చేవారు. అలాంటి గదిలో చావు అశుభమని పేదవాళ్లను ఆఖరి రోజుల్లో సాగో లేన్‌లోని మరణ గృహాలకు చేర్చేవారు. కింద అంత్యక్రియల సామగ్రి, పైన చావు కోసం ఎదురుచూసే పడకలు. 1961లో ఆ మరణ గృహాలను నిషేధించారు.

1960లో ఏర్పడిన ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ జనాన్ని కొత్త ఫ్లాట్లకు తరలించింది. 1983లో వీధి వ్యాపారులను చైనాటౌన్ కాంప్లెక్స్‌లోకి మార్చారు. పేట బోసిపోయాక గానీ దాని విలువ తెలిసిరాలేదు. 1989లో పాత ఇళ్లను పరిరక్షణ జాబితాలో చేర్చారు. ఇప్పటి రంగులు, ఎర్ర లాంతర్లు చాలావరకు ఆ తర్వాతి ముస్తాబే. పేటలోని బుద్ధుడి దంత ధాతువు ఆలయం కూడా తెరిచింది 2007లోనే.

మన దగ్గర నుంచి వెళ్లేవారికి హైదరాబాద్ శంషాబాద్ విమానాశ్రయం నుంచి సింగపూరుకు నేరుగా విమానం ఉంది. చైనాటౌన్ కాంప్లెక్స్ పై అంతస్తులో వందల తినుబండారాల కొట్లున్నాయి. 2016లో మిషెలిన్ తార పొందిన కోడి మాంసం కొట్టూ అక్కడిదే. బౌద్ధుల శాకాహార వంటకాలూ ఆ పేటలో దొరుకుతాయి.