ధాన్యపు రాశి, అట్టపెట్టె, ఆకారాల పాఠం

కళ్లంలో పోసిన రాశిలో ధాన్యం ఎంత ఉందో తూము పట్టకుండానే చెప్పే పద్ధతి ఒకటి భాస్కరాచార్యుడి ‘లీలావతి’లో ఉంది. 1150 నాటి పుస్తకం అది. ముందు రాశి చుట్టూ తాడు వేసి చుట్టుకొలత తీయాలి. ముతక గింజలైతే అందులో పదో వంతు, సన్న గింజలైతే పదకొండో వంతు, వడ్లలాగా ముల్లున్నవైతే తొమ్మిదో వంతు రాశి ఎత్తు. ముల్లున్న గింజలు ఒకదాన్నొకటి పట్టుకుని జారకుండా నిలుస్తాయి కాబట్టి వాటి రాశి కాస్త నిటారుగా ఉంటుంది. ఇక చుట్టుకొలతలో ఆరో వంతును వర్గం చేసి ఎత్తుతో గుణిస్తే ఘనపరిమాణం తేలుతుంది. చుట్టుకొలత 60 మూరలున్న ముతక ధాన్యపు రాశి ఎత్తు 6 మూరలు. ఆరో వంతు 10, దాని వర్గం 100, కాబట్టి రాశి మొత్తం 600 ఘన మూరలు. π విలువను 3 అనుకుంటే ఇది నేటి హైస్కూలు పుస్తకంలోని శంకువు సూత్రమే.

రాశి గోడకు ఆనుకుని ఉంటే ఏం చేయాలో కూడా ఆయన చెప్పాడు. కొలిచిన చుట్టును రెట్టింపు చేసి లెక్కకట్టి, వచ్చినదాన్ని సగం చేయాలి. గది మూలలో ఉంటే నాలుగు రెట్లు చేసి, చివర్లో నాలుగో వంతు తీసుకోవాలి. అంటే చదివేవాడు కంటికి కనబడే పావు శంకువుని చూసి, గోడల అవతల మిగతా ముప్పావునీ ఊహించుకోవాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లల్లో పెంచాలని నేటి పాఠ్యప్రణాళికలు కోరుతున్నది సరిగ్గా ఈ ఊహనే.

‘లీలావతి’లో గోతులకు, ఇటుకల పేర్పుకు, దుంగల రంపపు కోతకు, ధాన్యపు రాశులకు వేర్వేరు ప్రకరణాలున్నాయి. ఘనాకారం అక్కడ పనితోపాటే వస్తుంది. ఈ వరస చాలా పాతది. బౌధాయన శుల్బసూత్రాల్లోని శ్యేనచితి అనే యజ్ఞవేదికను గద్ద ఆకారంలో, వరసకు 200 ఇటుకల చొప్పున ఐదు వరసలు పేర్చాలి. ఆకారం మారినా వైశాల్యం మారకూడదన్నది అక్కడి నియమం. తెలుగులోకి ఈ గణితం తొందరగానే వచ్చింది. మహావీరాచార్యుడి ‘గణితసార సంగ్రహం’ 9వ శతాబ్దపు రచన. దాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. నన్నయ భారతం నాటికి అటూ ఇటూగా మన భాషలో లెక్కల పుస్తకం ఒకటి ఉందన్నది సాహిత్య చరిత్రలు ఒక్క వాక్యంలో దాటేసే సంగతి.

అయితే ఘనాలు పనిలో ఎదురైనంత మాత్రాన లొంగిపోలేదు. 499లో ‘ఆర్యభటీయం’ రాసిన ఆర్యభటుడు త్రిభుజ వైశాల్యాన్ని సరిగ్గానే ఇచ్చాడు. భూమిలో సగాన్ని ఎత్తుతో గుణించమన్నాడు. ఆ వెంటనే ఆరు అంచుల పిరమిడ్‌కి వచ్చి, అడుగు వైశాల్యంలో సగాన్ని ఎత్తుతో గుణించమన్నాడు. రావలసింది మూడో వంతు. 628లో బ్రహ్మగుప్తుడు దాన్ని సరిగా చెప్పాడు. బల్లపరుపు బొమ్మలో సగం వచ్చింది కాబట్టి ఘనంలోనూ సగమే అనుకోవడం అంత మేధావికే తప్పలేదంటే, పన్నెండేళ్ల పిల్లల మీద విసుక్కోవడం న్యాయం కాదు. శంకువులో ఇసుక నింపి, అంతే అడుగు, అంతే ఎత్తు ఉన్న స్థూపంలోకి మూడుసార్లు ఒంపి చూపించే టీచరు 129 ఏళ్ల దూరాన్ని ఒక పీరియడ్‌లో దాటిస్తున్నట్టే.

యూక్లిడ్ వరస వేరు. క్రీ.పూ. 300 ప్రాంతంలో ఆయన కూర్చిన 13 పుస్తకాలు బిందువుతో, రేఖతో మొదలవుతాయి. మొదటి ఆరూ సమతల బొమ్మలు, తర్వాతి నాలుగూ సంఖ్యలు, రాశులు. ఘనాల కోసం పదకొండో పుస్తకం దాకా ఆగాలి. సవాయి జైసింగ్ కొలువులో జగన్నాథ సమ్రాట్టు 18వ శతాబ్దం తొలి రోజుల్లో నసీరుద్దీన్ తూసీ అరబ్బీ పాఠం నుంచి దీన్ని ‘రేఖాగణితం’గా సంస్కృతంలోకి తెచ్చాడు గానీ, అది పండితుల దగ్గరే ఉండిపోయింది. బడిపిల్లల చేతికి యూక్లిడ్ వచ్చింది ఇంగ్లీషు చదువుతోనే. 1862లో టాడ్‌హంటర్ వేసిన యూక్లిడ్ ప్రతి ఇక్కడా బాగా నడిచింది. చాలామంది చదువు తొలి పుస్తకాలతోనే ముగిసేది కాబట్టి ఘనం మొహం చూడకుండానే జామెట్రీ పూర్తయ్యేది. ఇందులో యూక్లిడ్ తప్పేమీ లేదు. పెద్దల వాదన కోసం పేర్చిన వరసని పిల్లల చదువుకి వరసగా పెట్టినవాళ్లది తప్పు.

దీనికి మందు వెతికినవాళ్లలో మద్రాసు ప్రెసిడెన్సీ డిప్యూటీ కలెక్టరు టి. సుందరరావు ఒకరు. 1893లో మద్రాసులో అచ్చయిన ఆయన ఇంగ్లీషు పుస్తకం కాగితం మడతలతో జ్యామితి నేర్పుతుంది. స్కేలూ కంపాసూ లేకుండా ఒక చతురస్రపు కాగితంలోంచి సమబాహు త్రిభుజం, పంచభుజి, షడ్భుజి వరసగా పుట్టుకొస్తాయి. కిండర్‌గార్టెన్ బడిని మొదలుపెట్టిన ఫ్రోబెల్ సామగ్రిలోని కాగితం మడతలే తనకీ ఆలోచననిచ్చాయని ఆయనే చెప్పుకున్నాడు. ఆ ఫ్రోబెల్ చిన్నపిల్లల చేతికి ముందు ఇచ్చినవి గోళం, స్థూపం, ఘనం కావడం గమనించాలి. జర్మన్ గణితవేత్త ఫెలిక్స్ క్లైన్ సుందరరావు పుస్తకాన్ని ప్రస్తావించాక అమెరికాలో బెమన్, స్మిత్ దాన్ని సంస్కరించి 1901లో షికాగోలో వేయించారు. మన బళ్లలో మాత్రం మడత కాగితం డ్రాయింగు క్లాసు దాటి లోపలికి రాలేదు.

అదే 1901లో గ్లాస్గోలో ఇంజనీరు జాన్ పెర్రీ, పిల్లలు కొలిచి, తూచి, గీసి నేర్చుకోవాలని గట్టిగా వాదించాడు. 1903కల్లా కేంబ్రిడ్జి పరీక్షల్లో యూక్లిడ్ వరస తప్పనిసరి కాకుండా పోయింది. ఆ తర్వాత వచ్చిన హాల్, స్టీవెన్స్ జామెట్రీ మన దేశంలో కొన్ని తరాలకు పాఠ్యపుస్తకమైంది.

పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో దగ్గరగా చూసినవాళ్లు డచ్ దంపతులు డీనా, పియరీ వాన్ హీలే. ఇద్దరూ టీచర్లే. 1957లో ఉట్రెక్ట్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథాల్లో జ్యామితి ఆలోచనకు మెట్లుంటాయని చెప్పారు. మొదటి మెట్టు మీది పిల్లవాడు చతురస్రాన్ని మొత్తం రూపంగానే చూస్తాడు. అదే బొమ్మని మూల మీద నిలబెడితే ‘డైమండ్’ అంటాడు. రెండో మెట్టెక్కితే భుజాలు, కోణాలు చెబుతాడు. చతురస్రం కూడా దీర్ఘచతురస్రమేనని ఒప్పుకోవాలంటే మూడో మెట్టు కావాలి. నిర్వచనం బట్టీ పట్టించినంత మాత్రాన మెట్టు మారదు.

మన దగ్గర ఈ గాలి బలంగా వీచింది 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం తర్వాతే. ఎన్‌సీఈఆర్‌టీ ఏడు, ఎనిమిది తరగతుల పుస్తకాల్లో ఘనాకారాలను ఊహించడానికే ప్రత్యేకంగా అధ్యాయాలు వచ్చాయి. 2011 రాష్ట్ర ప్రణాళిక తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కొత్త పుస్తకాలూ ఆ దారే పట్టి, ఎనిమిదో తరగతి పిల్లలకు చుక్కల కాగితం మీద ఘనాలు గీయడం నేర్పాయి. వలరూపాల పాఠం, అంటే మడిస్తే ఘనాకారమయ్యే బల్లపరుపు బొమ్మల పాఠం, వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టం. ఆరు చతురస్రాలను అంచులు కలిపి 35 రకాలుగా అమర్చవచ్చు. మడిస్తే ఘనమయ్యేవి వాటిలో 11 మాత్రమే. ఏవి అవుతాయో ముందే చెప్పి, తర్వాత అట్ట కత్తిరించి చూస్తే క్లాసులో కేకలే. నాలుగు చతురస్రాలు ఒక చోట గుమిగూడితే మడత పడదని ఎవరో ఒకరు కనిపెడతారు. అదే ఘనంతో శీర్షాలు 8, తలాలు 6 కలిపి అంచులు 12 తీసేస్తే 2 మిగలడం, పిరమిడ్‌కీ పట్టకానికీ కూడా 2 రావడం చూపించవచ్చు. ఆయిలర్ సూత్రం అలా వేళ్ల మీదే తేలుతుంది.

కోవిడ్ తర్వాత సిలబస్ బరువు తగ్గించాలని 2022లో ఎన్‌సీఈఆర్‌టీ కత్తెర పట్టినప్పుడు ఎనిమిదో తరగతిలో ఘనాకారాలను ఊహించే అధ్యాయం మొత్తంగా ఎగిరిపోయింది, బొమ్మలు గీసే ప్రాయోగిక జ్యామితి అధ్యాయంతో సహా. ఘనానికి, దీర్ఘఘనానికి, స్థూపానికి సూత్రాలిచ్చే క్షేత్రమితి అధ్యాయం మాత్రం మిగిలింది.