గాజు తొట్టెలో ఎదగని పిల్ల

ఆక్సలాటల్ చేప కాదు, బల్లీ కాదు. కప్పలకు దూరపు చుట్టమైన సాలమాండర్ జాతిది. కప్పపిల్ల తోక పోగొట్టుకుని గట్టెక్కినట్టే మామూలు సాలమాండర్ పిల్లలు మొప్పలు వదిలేసి నేలమీదికొస్తాయి. ఇది మాత్రం మెడ చుట్టూ కుచ్చుల్లాంటి మొప్పలతో నీళ్ళలోనే ఉండిపోయి, ఆ పిల్లరూపంలోనే గుడ్లు పెట్టి సంసారం సాగిస్తుంది.

దీని పుట్టిల్లు మెక్సికో నగరం దగ్గరి సొచిమిల్కో, చాల్కో సరస్సులు. అక్కడి అజ్టెక్కుల పురాణంలో షొలోటల్ అనే దేవుడున్నాడు. ప్రాణత్యాగం చెయ్యాల్సిన రోజున ఈయనగారు భయపడి మొక్కజొన్న చేలో మొక్కై దాక్కున్నాడట. అక్కడ పట్టుబడితే కిత్తనార అయ్యాడట. చివరికి నీళ్ళలో దూకి ఆక్సలాటల్ అయ్యాడట. అయినా వదల్లేదు, పట్టుకుని చంపారు! దేవుడి రూపమని భక్తి ఎంతుండేదో గాని, అజ్టెక్కులు దాన్ని వండుకు తినేవారు కూడా.

మరి ఇళ్ళలోని గాజుతొట్టెల్లోకి ఎలా వచ్చిందంటారా? 1864లో, ఫ్రెంచి సైన్యం మెక్సికోలో ఉన్న రోజుల్లో, 34 ఆక్సలాటల్స్ ఓడెక్కి పారిస్ చేరాయి. అందులో ఆరు ఆగస్ట్ ద్యుమెరిల్ అనే శాస్త్రజ్ఞుడి చేతికొచ్చాయి. అయిదు మగవి, ఒక్కటే ఆడది. 1865లో ఆ ఒక్కతే గుడ్లు పెట్టి వంశం నిలబెట్టింది. ఆ పిల్లల్లో కొన్నిటికి ఉన్నట్టుండి మొప్పలు పోయి, అవి నేలమీద తిరిగే సాలమాండర్లయి కూర్చున్నాయి. ద్యుమెరిల్ విస్తుపోయాడు. అడిగినవాళ్ళందరికీ పిల్లల్ని పంచాడు. అలా యూరప్ అంతా పాకింది.

ఇక్కడే మేరీ ఫాన్ షొవాఁ అనే జర్మన్ మహిళ గురించి చెప్పుకోవాలి. నాకైతే ఈ కథలో అందరికంటే నచ్చినావిడ. ఫ్రైబుర్గ్‌లో వైస్‌మన్ అనే ప్రొఫెసరు, ఆక్సలాటల్‌ను కావాలని గట్టెక్కించగలమా అన్న ప్రశ్నతో సతమతమవుతున్నాడు. 1870లలో ఆ పని ఈవిడ చేసి చూపించింది. నీళ్ళ లోతు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, తడి నాచు పరుస్తూ, మేత మానకుండా ఓపిగ్గా పెడుతూ, చంటిపిల్లకు అన్నం అలవాటు చేసినట్టు గాలి పీల్చడం అలవాటు చేసింది. వైస్‌మన్ తన వ్యాసంలో ఆవిడ నివేదికను ఆవిడ పేరుతోనే చేర్చాడు, అంతవరకు మెచ్చుకోవాలి. 1920లో జూలియన్ హక్స్‌లీ ఎద్దు థైరాయిడ్ గ్రంథి మేపి ఆ మార్పునే తెప్పించాడు. లోపమెక్కడుందో అప్పుడు స్పష్టమైంది.

ఇప్పుడు పెంచేవాళ్ళకు ఆవిడ ఓపికే కావాలి, పని మాత్రం తలకిందులు: గట్టెక్కించడం కాదు, నీళ్ళలో చల్లగా ఉంచడం. 16 నుంచి 18 డిగ్రీలు దానికి హాయి. 24 దాటితే మేత మానేస్తుంది, జబ్బు పడుతుంది. మన వేసవిలో కుళాయి నీళ్ళే ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. నీళ్ళను చల్లబరిచే యంత్రం లేకుండా దీన్ని ముద్దుకు కొనుక్కోవడం పాపమే. కుళాయి నీళ్ళలో క్లోరిన్ విరిగిపోవాలి. కొత్త తొట్టెలో నీళ్ళు పోసి, వడపోత యంత్రం పెట్టి, కాస్త అమ్మోనియా అందిస్తూ కొన్ని వారాలు నడపాలి. మలినాన్ని హరించే సూక్ష్మజీవులు కుదురుకున్నాకే జీవిని దించాలి. అడుగున గులకరాళ్ళు వద్దు, మేతతోపాటు మింగేస్తుంది. దాక్కోడానికి చీకటి మూల ఉండాలి. వానపాములు దానికి విందుభోజనం. చిన్నపిల్లల్ని ఇరుకులో ఉంచితే ఒకదాని కాలు ఇంకోటి కొరుకుతుంది. కాలు మళ్ళీ మొలుస్తుంది, నిజమే. అలాగని కొరికించుకుంటామా?

తొట్టెల్లో ఇంత వృద్ధయిన వంశం పుట్టింట్లో అంతరించిపోతోంది. చాల్కో సరస్సు చాలావరకు ఎండగట్టేశారు. సొచిమిల్కోలో కాలవలే మిగిలాయి, వాటిలో మురుగు. మనుషులకు తిండి కోసం వదిలిన తిలాపియా, కార్ప్ చేపలు దాని గుడ్లనూ పిల్లలనూ మింగాయి. 1998లో చదరపు కిలోమీటరుకు 6000 అని లెక్క. 2014కి 36! మెక్సికో 2021లో దీని బొమ్మను 50 పెసోల నోటు మీద వేసింది.

దీనికో సోదర జాతి పాత్స్‌క్వారో సరస్సులో ఉంది. పేరు అచోకే, శాస్త్రనామంలో ద్యుమెరిల్ పేరే ఉంది. ఆ ఊరి మఠంలోని క్రైస్తవ సన్యాసినులు దానితో దగ్గుమందు చేసి అమ్మేవారు. సరస్సులో అవి తగ్గిపోతుంటే, ఆ సన్యాసినులే మఠంలో గాజుతొట్టెలు వరసగా పెట్టి, నీళ్ళు మారుస్తూ, వానపాములు మేపుతూ, అచోకేల సంతతిని నిలబెడుతున్నారు.