కొన్న ఆటకు కాపలా: కంప్యూటర్ ఆటల్లో కాపీ నిరోధ భావన - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

డబ్బిచ్చి కొన్న కంప్యూటర్ ఆటకు మరో ప్రతి తీయకుండా అడ్డుకునే ఏర్పాటును వాడుకలో కాపీ నిరోధం అంటారు. అయితే గడచిన నాలుగున్నర దశాబ్దాల్లో ఈ పేరుతో వచ్చిన ఏర్పాట్లలో చాలావరకు ప్రతి తీయడాన్ని ఆపలేదు. కొన్ని తీసిన ప్రతిని నిరుపయోగం చేశాయి. మరికొన్ని అసలు ప్రతి వాడకాన్నే ప్రచురణకర్త అనుమతికి లోబరిచాయి. ఈ మూడింటి మధ్య తేడాను చారిత్రక క్రమంలో గుర్తించి, ఆస్ట్రేలియా హైకోర్టు 2005లో ఇచ్చిన తీర్పును, భారత కాపీరైట్ చట్టాన్ని ఆధారం చేసుకొని, ఏది కాపీ నిరోధం అనిపించుకుంటుందో ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: కాపీ నిరోధం, కంప్యూటర్ ఆటలు, కాపీరైట్ చట్టం, సాంకేతిక రక్షణ, కొనుగోలుదారు హక్కు.

1. ఉపోద్ఘాతం

తాళపత్ర గ్రంథానికి ప్రతి రాయాలంటే లేఖకుడికి నెలలు పట్టేది. అచ్చుపుస్తకానికి దొంగముద్రణ వేయాలన్నా యంత్రం, కాగితం, పెట్టుబడి కావాలి. కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు ఈ అవరోధాలేవీ లేవు. నిమిషాల్లో ప్రతి తయారవుతుంది. అసలుకూ నకలుకూ నాణ్యతలో తేడా ఉండదు. తమ బేసిక్ ప్రోగ్రామ్‌ను వాడుతున్నవారిలో ఎక్కువమంది కొనకుండానే వాడుతున్నారని బిల్ గేట్స్ 1976 ఫిబ్రవరిలో అభిరుచి ప్రియులకు రాసిన బహిరంగ లేఖలో ఆక్షేపించాడు. రచయిత శ్రమకు ప్రతిఫలం దక్కాలన్న ఆ వాదన న్యాయమైనదే.

కొన్నవాడికీ ఒక అవసరం ఉంది. అయస్కాంత పూత మీద రాసిన సమాచారం వేడికి, తేమకు, అరుగుదలకు చెడిపోతుంది. అందుకే అమెరికా 1980లో తన కాపీరైట్ చట్టంలోని 117వ విభాగాన్ని సవరించి, ప్రోగ్రామ్ ప్రతికి యజమాని అయినవాడు భద్రత కోసం మరో ప్రతి తీసుకోవచ్చని అనుమతించింది. ప్రచురణకర్తలు తమ డిస్కులకు తాళాలు బిగించడం కూడా సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే ఊపందుకుంది. చట్టం ఇచ్చిన వీలును యంత్రం అడ్డుకుంది. కాపీ నిరోధ చరిత్ర ఈ వైరుధ్యంతోనే మొదలవుతుంది.

2. డిస్కు మీది తాళం

1978లో వచ్చిన ఆపిల్ డిస్క్ 2 పరికరంలో, డిస్కు మీద సమాచారం ఏ అమరికలో ఉండాలో చాలావరకు సాఫ్ట్‌వేరే నిర్ణయించేది. ఆటల ప్రచురణకర్తలు ఈ వెసులుబాటును వాడుకున్నారు. ప్రతి భాగం ఆరంభాన్ని తెలిపే గుర్తులను మార్చారు. రెండు వలయాల నడుమ ఉండే చోట సమాచారం రాశారు. ఒక వలయంలో ఎన్ని అంశాలున్నాయో లెక్కించి సరిచూసే ఏర్పాట్లు చేశారు. సాధారణ పద్ధతిలో ప్రతి తీసే ప్రోగ్రామ్ ఇలాంటి డిస్కును చదవలేక ఆగిపోయేది. మాటకు అచ్చమైన అర్థంలో కాపీ నిరోధం ఇదే: ఇక్కడ అడ్డుపడేది ప్రతి తీసే క్రియకే.

ఈ తాళాలకు విరుగుడుగా 1981లోనే లాక్‌స్మిత్, కాపీ 2 ప్లస్ వంటి ప్రోగ్రాములు అంగడికి వచ్చాయి. భద్రతా ప్రతి తీసుకునే హక్కు కొన్నవారికి ఉందన్నది వాటికి సమర్థన. అమెరికా న్యాయస్థానాలు ఈ వాదాన్ని అన్నిచోట్లా ఒకేలా స్వీకరించలేదు. ఆటల కార్ట్‌రిడ్జ్‌లకు ప్రతులు తీసే యంత్రం విషయంలో, 1983 నాటి అటారీ - జె.ఎస్. అండ్ ఎ. వివాదంలో, కార్ట్‌రిడ్జ్‌లోని చిప్ డిస్కులా తేలిగ్గా చెడిపోయేది కాదు గనుక దానికి భద్రతా ప్రతి మినహాయింపు వర్తించదని తేల్చారు. 1988 నాటి వాల్ట్ - క్వెయిడ్ వివాదంలో ఫలితం తారుమారైంది. వాల్ట్ సంస్థ డిస్కు మీద ఒక భౌతిక గుర్తును ఉంచి, అది కనిపిస్తేనే ప్రోగ్రామ్ నడిచేలా చేసింది. ఆ పరీక్షను ఏమార్చే క్వెయిడ్ ప్రోగ్రామ్‌కు న్యాయసమ్మతమైన ఉపయోగాలు కూడా ఉన్నాయని న్యాయస్థానం అంగీకరించింది.

వాల్ట్ తాళంలో ఒక మౌలికమైన మార్పు కనిపిస్తుంది. డిస్కులోని సమాచారానికి ప్రతి తీయడం కష్టం కాదు. ఆ ప్రతి నడవదు, అంతే. అడ్డంకి ప్రతి తీయడం మీదినుంచి ప్రతిని వాడడం మీదికి జరిగింది.

3. పెట్టెలోని కాగితం

ఈ జరుగుడు మరింత స్పష్టంగా కనిపించేది ఆటతోపాటు పెట్టెలో వచ్చిన కాగితాల్లో. 1984లో బ్రిటన్‌లో విడుదలైన జెట్ సెట్ విల్లీ ఆటకు రంగుల గళ్ళ కార్డు ఒకటి జతచేశారు. ఆట అడిగిన గడిలోని రంగులు చెబితేనే ముందుకు సాగనిచ్చేది. రంగుల జిరాక్సు ఇంటింటికీ అందని కాలమది. 1989 నాటి సిమ్‌సిటీ ముదురు ఎరుపు కాగితం మీద ముద్రించిన సంకేతాల పట్టికను అడిగేది. 1990 నాటి మంకీ ఐలాండ్ ఆటలో రెండు అట్టచక్రాలు తిప్పి, ఓడదొంగ ముఖం పైసగాన్నీ కిందిసగాన్నీ కలిపి, అక్కడ కనిపించిన సంవత్సరాన్ని చెప్పాలి. ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఐబీఎం రూపంలో మరో మెట్టు ఎక్కింది: వాడుక పుస్తకంలోని అక్షరాన్ని బట్టి సరైన పానీయం తాగితేనే తరువాతి అంకం తెరుచుకునేది.

వీటిలో ఏదీ డిస్కుకు ప్రతి తీయడాన్ని ఆపదు. పెట్టె దగ్గర ఉందా లేదా అని మాత్రమే ఇవి అడుగుతాయి. అందువల్ల వీటి దెబ్బ నకలుదారుకే పరిమితం కాలేదు. కాగితం పోగొట్టుకున్న అసలు కొనుగోలుదారు, పాత ఆటను మరొకరి దగ్గర కొన్నవారు, రంగులను వేరుచేసి చూడలేని దృష్టిదోషమున్నవారు సమానంగా నష్టపోయారు. ఎలీట్ ఆట స్పెక్ట్రమ్ రూపంతో 1985లో వచ్చిన లెన్స్‌లాక్ అనే ప్లాస్టిక్ కటకం దీనికి పరాకాష్ఠ. తెర మీద చెదిరిన అక్షరాలను ఆ కటకంలోంచి చూసి చదవాలి. టీవీ మరీ చిన్నదైనా, మరీ పెద్దదైనా అక్షరాలు కుదరవు. కొన్ని పెట్టెల్లో వేరే ఆటకు చెందిన కటకం వెళ్ళడంతో, పూర్తి ధర చెల్లించినవారే బయట నిలబడవలసి వచ్చింది.

నింటెండో 1990లో విడుదల చేసిన స్టార్‌ట్రాపిక్స్ ఈ హద్దును ఇంకా చెరిపివేసింది. పెట్టెలోని ఉత్తరాన్ని నీటిలో తడిపితే 747 అనే సంఖ్య బయటపడుతుంది. అది లేకుండా కథ ముందుకు సాగదు. కార్ట్‌రిడ్జ్‌కు ఇంట్లో ప్రతి తీయడం ఆనాడు సామాన్యులకు సాధ్యం కాదు. కాబట్టి ఆ ఉత్తరం ఆచరణలో అడ్డుకున్నది ఎక్కువగా అద్దెకు తెచ్చుకున్నవారినీ, ఉత్తరం లేని పాత ప్రతి కొన్నవారినీ. దాన్ని కథలోని చమత్కారం అనాలా, కాపీ నిరోధం అనాలా? ఉద్దేశాన్ని బట్టి ఒక జవాబు, పనితీరును బట్టి ఒక జవాబు, ఫలితాన్ని బట్టి మరో జవాబు వస్తాయి.

4. ప్లేస్టేషన్ వివాదం: నిర్వచనానికి పరీక్ష

ఈ ప్రశ్న 1996 తరువాత శాస్త్రచర్చగా మిగలలేదు. ఆ ఏడాది కుదిరిన ప్రపంచ మేధోసంపత్తి సంస్థ కాపీరైట్ ఒడంబడిక, రచయితలు తమ హక్కుల కోసం వాడే సమర్థమైన సాంకేతిక ఏర్పాట్లను ఛేదించడానికి వ్యతిరేకంగా చట్టరక్షణ కల్పించాలని సభ్యదేశాలను కోరింది. అమెరికా 1998లో, ఆస్ట్రేలియా 2000లో అందుకు తగిన చట్టాలు చేశాయి. ఏది రక్షణ ఏర్పాటో తేలితేనే ఏది నేరమో తేలుతుంది.

సోనీ ప్లేస్టేషన్ డిస్కులో, మామూలు సీడీ రైటర్ తిరిగి రాయలేని చోట, ఒక సంకేతం ఉండేది. యంత్రంలోని చిప్ ఆ సంకేతాన్ని చదివాకే ఆటను నడిపేది. నకలు డిస్కులో సంకేతం ఉండదు గనుక అది నడవదు. అయితే జపాన్, అమెరికా, ఐరోపా విపణులకు సంకేతాలు వేరు. అందుచేత విదేశంలో న్యాయంగా కొన్న అసలు డిస్కు కూడా నడవదు. ఒకే తాళం రెండు పనులు చేసేది. దాన్ని తప్పించే మాడ్ చిప్‌లు అమ్మిన స్టీవెన్స్ అనే వ్యక్తి మీద సోనీ ఆస్ట్రేలియాలో దావా వేసింది.

ఆస్ట్రేలియా చట్టం ప్రకారం, కాపీరైట్ ఉల్లంఘనను ఆపడానికో ఆటంకపరచడానికో రూపొందినదే సాంకేతిక రక్షణ ఏర్పాటు. 2002లో తొలి న్యాయమూర్తి సోనీ తాళం ఆ కోవలోకి రాదన్నాడు. 2003లో ఫెడరల్ కోర్టు పూర్తి ధర్మాసనం ఆ తీర్పును తిరగదోసింది. 2005 అక్టోబరులో దేశ అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఏకగ్రీవంగా స్టీవెన్స్ పక్షాన నిలిచింది. దాని తర్కం సూటిగా ఉంది. ఉల్లంఘన జరిగేది డిస్కుకు ప్రతి తీసినప్పుడు. ప్లేస్టేషన్ తాళం పనిచేసేది ఆ తరువాత, ప్రతిని యంత్రంలో పెట్టినప్పుడు. నకలు పనికిరాదని తెలిసి జనం వెనుకాడవచ్చు. కానీ నిరుత్సాహపరచడం వేరు, నిరోధించడం వేరు. ఆడేటప్పుడు ఆటలో కొంత భాగం యంత్రపు జ్ఞాపకంలోకి చేరడం కూడా ఒక ప్రతే అన్న సోనీ వాదన నాటి చట్టం ప్రకారం నిలవలేదు.

అమెరికాతో కుదిరిన స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందాన్ని అనుసరించి ఆస్ట్రేలియా 2006లో చట్టాన్ని సవరించి, వాడకాన్ని నియంత్రించే తాళాలకూ రక్షణ విస్తరించింది. అయినా విదేశంలో కొన్న అసలు సినిమాలను, ఆటలను అడ్డుకునే ప్రాంతీయ తాళాలను ఆ నిర్వచనం నుంచి మినహాయించింది. ఐరోపా న్యాయస్థానం నింటెండో - పీసీ బాక్స్ వివాదంలో 2014లో మరో తూనిక ప్రవేశపెట్టింది: తాళం కొంత డిస్కులో, కొంత యంత్రంలో ఉన్నా రక్షణ వర్తిస్తుంది, అయితే అది ప్రయోజనానికి మించి న్యాయమైన వాడకాలను అడ్డుకోకూడదు.

5. భారత చట్టం

భారతదేశం 2012 సవరణ ద్వారా కాపీరైట్ చట్టంలో 65ఎ విభాగాన్ని చేర్చింది. సమర్థమైన సాంకేతిక ఏర్పాటును ఛేదించినవారికి రెండేళ్ళవరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చు. కానీ ఇందులో రెండు షరతులున్నాయి. ఆ ఏర్పాటు ఈ చట్టం ప్రసాదించిన హక్కులను కాపాడేదై ఉండాలి. ఛేదించినవారికి ఆ హక్కులను ఉల్లంఘించే ఉద్దేశం ఉండాలి. మరోవైపు 52వ విభాగం, న్యాయంగా ప్రోగ్రామ్ ప్రతి కలిగినవారు నష్టం నుంచి, నాశనం నుంచి తాత్కాలిక రక్షణగా ప్రతి తీసుకోవడాన్ని ఉల్లంఘనగా లెక్కించదు. రెండింటినీ కలిపి చదివితే, తాను కొన్న ఆట డిస్కుకు భద్రతా ప్రతి తీసుకునేవారి చేతను దొంగచేతగా చూడరాదన్న అర్థం వస్తుంది. ఆస్ట్రేలియా న్యాయమూర్తులు వ్యాఖ్యానంతో సాధించిన వివేచన ఇక్కడ చట్టపు మాటల్లోనే ఉంది.

6. దూరపు తాళం

2004లో హాఫ్-లైఫ్ 2 డిస్కు కొన్నవారు కూడా స్టీమ్ ఖాతా తెరిచి ఇంటర్నెట్ ద్వారా అనుమతి పొందవలసి వచ్చింది. 2008లో స్పోర్ ఆటను తొలుత మూడు కంప్యూటర్లకే పరిమితం చేసి, నిరసనల తరువాత ఐదుకు పెంచారు. 2010లో యుబిసాఫ్ట్ ఆడుతున్నంతసేపూ తన సర్వర్‌తో సంబంధం ఉండాలన్నది. ఆ మార్చిలో సర్వర్ల మీద దాడి జరగగా కొన్నవారే ఆడలేకపోయారు. తాళం ఇప్పుడు డిస్కు మీదా లేదు, పెట్టెలోనూ లేదు. అమ్మినవాడి ఇంట్లో ఉంది.

సీడీల కాలపు సేఫ్‌డిస్క్ కథ మరో పాఠం. భద్రతా లోపాల కారణంగా 2015లో విండోస్ 10 దాన్ని నడపడం మానేసింది. దాంతో ఆ తాళమున్న అసలు డిస్కులు మూగబోయాయి. నేడు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి భాండాగారాల్లో నిలిచిన పాత ఆపిల్ ఆటల్లో అనేకం తాళం తీసేసిన ప్రతులే. 2024 మార్చి 31న ది క్రూ ఆట సర్వర్లు ఆగినప్పుడు, దాన్ని కొన్నవారి చేతిలో ఆడదగినదేదీ మిగలలేదు. 2025 జనవరి నుంచి అమలైన కాలిఫోర్నియా చట్టం, ఇలాంటి అమ్మకాల్లో దక్కేది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలంటోంది.

7. ముగింపు

పై పరిశీలనలో కాపీ నిరోధమన్న ఒకే పేరు కింద మూడు వేరువేరు వస్తువులు కనిపిస్తాయి. ప్రతి తీయడాన్ని ఆపేది మొదటిది. నకలును నడవనీయనిది రెండవది. అసలునే అనుమతితో నడిపేది మూడవది. మొదటిది రచయిత హక్కును నేరుగా కాపాడుతుంది. రెండవది ఆ పనిని పరోక్షంగా చేస్తూ, ప్రాంతీయ విపణుల విభజన వంటి అదనపు ప్రయోజనాలను మోస్తుంది. మూడవది అమ్మకం స్వభావాన్నే మార్చి, వస్తువును సేవగా కుదిస్తుంది. మూడింటినీ ఒకే గాటన కట్టి ఒకే చట్టరక్షణ ఇవ్వడం సరికాదు. ప్రతి తాళాన్నీ రెండు ప్రశ్నలతో తూచాలి: ఇది రచయిత హక్కుల్లో దేన్ని కాపాడుతోంది? డబ్బు చెల్లించినవారి నుంచి ఏమి తీసుకుంటోంది? మొదటి ప్రశ్నకు జవాబు లేని తాళం ఎంత బలమైనదైనా, కాపీ నిరోధమన్న పేరుకు అర్హం కాదు.